కారు సంగతులు: ఢిల్లీ నంబర్ బీఎండబ్ల్యూ కొనొచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి కమీషన్ వ్యాపారం. హైదరాబాద్‌లో ఒక బ్రోకర్ దగ్గర ఢిల్లీ నంబర్‌తో 2014 బీఎండబ్ల్యూ 520డి ఉంది. మీటర్ మీద 68 వేల కిలోమీటర్లు చూపిస్తోంది. 9 లక్షలు చెబుతున్నాడు. ఈ డబ్బుకు కొత్త చిన్న కారు వస్తుంది కదా అని మా బావ గొడవ. నాకేమో చిన్నప్పటి నుంచి ఆ కారు మీద మనసు. ఏం చేయమంటారన్నా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: తమ్ముడూ, మనసు పడటం తప్పు కాదు. నయీంనగర్‌లో మా షెడ్డుకు వచ్చే పాత జర్మన్ కార్లలో చక్కగా నడుస్తున్నవి చాలా ఉన్నాయి. వాటి ఓనర్లందరిలో నేను చూసిన గుణం ఒక్కటే. కారు కొన్నాక కూడా చేతిలో డబ్బు ఉంచుకున్నారు. కొత్తగా ఉన్నప్పుడు 40 లక్షలు దాటిన కారు ఇది. వయసు పెరిగేకొద్దీ కారు ధర పడిపోయింది కానీ, దాని హెడ్‌లైట్ ధర, ఇంజెక్టర్ ధర, గేర్‌బాక్స్ రిపేరు ఖర్చు పడిపోలేదు. అవి ఇప్పటికీ 40 లక్షల కారు లెక్కలోనే ఉంటాయి. కాబట్టి 9 లక్షలు పోగా మొదటి ఏడాది కోసం ఇంకో 2 నుంచి 3 లక్షలు విడిగా పెట్టుకోగలిగితేనే ముందుకు వెళ్ళండి. మిర్చి సీజన్‌లో పెట్టుబడి మొత్తం సరుకులో ఇరుక్కునే వ్యాపారం మీది. ఆ నెలల్లో గేర్‌బాక్స్ మొరాయిస్తే కారు షెడ్డులోనే ఉండిపోతుంది. అలా దుమ్ము పట్టిన బండ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇక ఢిల్లీ సంగతి. అక్కడ పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. ఆ ఆదేశం వల్లే అక్కడి డీజిల్ కార్లు చౌకగా మన వైపు రావడం మొదలైంది. చౌకగా వచ్చినంత మాత్రాన కారు చెడ్డదని కాదు, కాగితాలు మాత్రం గట్టిగా చూడాలి. ఢిల్లీ ఆర్టీఓ ఇచ్చిన ఎన్ఓసీ, అంటే ఫారం 28, అసలు కాపీ చేతికి రావాలి. ఫారం 29, 30 మీద ఆర్‌సీలో పేరున్న మనిషే సంతకం పెట్టి ఉండాలి. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు క్లియరెన్స్ కావాలి. ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొడితే ఎన్నో ఓనరో, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో తెలుస్తుంది. బ్రోకర్ చెప్పే మాటతో అది కలవాలి.

చాలామంది మరిచిపోయేది, బండిని తెలంగాణకు మార్పించేటప్పుడు ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్. మీరిచ్చే 9 లక్షల మీద వేస్తారనుకోకండి. కారు కొత్తప్పటి ధరను, బండి వయసును చూసి లెక్క కడతారు. అడ్వాన్స్ ఇవ్వకముందే ఆర్టీఏ ఆఫీసుకు వెళ్ళి ఎంత పడుతుందో అడిగి రండి. ఆర్‌సీ కూడా 15 ఏళ్ళకే, అంటే ఈ కారుకు 2029 వరకే. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించాలి. ఇవన్నీ కలిపి చూస్తే 9 లక్షల కారు ఎంతకు తేలుతుందో మీకే అర్థమవుతుంది.

68 వేలు అన్న మాట నేను నమ్మను. పదేళ్ళు దాటిన డీజిల్ కారు అంత తక్కువ తిరగడం అసాధ్యమేమీ కాదు, కానీ దానికి రుజువు కావాలి. మీటర్ తిప్పడం పెద్ద పని కాదు. అయితే ఈ కార్లలో కిలోమీటర్ల లెక్క మీటర్‌లోనే కాక ఇతర మాడ్యూళ్ళలో, తాళంచెవిలో కూడా నమోదవుతుంది. సరైన స్కానర్ ఉన్నవాళ్ళు చూస్తే తేడా బయటపడుతుంది. షోరూమ్ సర్వీస్ రికార్డు ఉంటే ఛాసిస్ నంబర్‌తో సరిచూసుకోండి. రికార్డు లేదంటే బేరం అక్కడే ఆపేయండి. మీ కళ్ళతోనూ చూడండి. స్టీరింగ్ తోలు నున్నబడి మెరుస్తుంటే, డ్రైవర్ సీటు అంచు నలిగిపోతే, బ్రేక్ పెడల్ రబ్బరు అరిగిపోతే ఆ కారు 68 వేలు కాదు, లక్షన్నర దాటి ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం, ఇంజన్. ఆ కాలపు 520డిలో ఎక్కువగా వచ్చింది ఎన్47 అనే 184 హార్స్‌పవర్ డీజిల్ ఇంజన్. తర్వాత 190 హార్స్‌పవర్ బీ47 వచ్చింది. ఎన్47లో టైమింగ్ చైన్, అంటే వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా నడిపే గొలుసు, ముందు వైపు కాదు, వెనక గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. అది సాగినా, గైడ్లు అరిగినా మార్చాలంటే గేర్‌బాక్స్ విప్పాలి, చాలా షెడ్లలో ఇంజనే కిందికి దించుతారు. చైన్ ధర కంటే కూలీయే భారం. తెగిందంటే పిస్టన్లు వెళ్ళి వాల్వులకు కొట్టుకుంటాయి, ఇంజన్ పోయినట్లే. 2011కు ముందు వచ్చిన వాటిలో ఈ బాధ ఎక్కువ, తర్వాతి వాటిలో తగ్గింది, పూర్తిగా పోలేదు. అందుకే కారు చూడటానికి పొద్దున్నే వెళ్ళండి. రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్‌ను మీ ముందే మొదటిసారి స్టార్ట్ చేయమనండి. మీరు వెళ్ళేసరికే బానెట్ వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి. చల్లటి ఇంజన్‌ను మెల్లగా 1,500 నుంచి 2,000 ఆర్పీఎం దాకా రేస్ చేసి, డాష్‌బోర్డు వైపు చెవి పెట్టండి. ఇనుము గీరుకున్నట్టు గరగరమని వినిపిస్తే, ‘డీజిల్ బండి కదా సార్, అంతే ఉంటది’ అన్న మాట వినకండి.

ఈజీఆర్ కూలర్, అంటే మళ్ళీ ఇంజన్‌లోకి పంపే పొగను చల్లబరిచే భాగం, దాని గురించి కూడా అడగాలి. 2018లో దక్షిణ కొరియాలో చాలా 520డి కార్లు మంటల్లో కాలిపోయాయి. ఆ కూలర్‌లో కూలెంట్ లీకై మసితో కలవడమే కారణమని కంపెనీ చెప్పింది, చాలా దేశాల్లో కార్లను వెనక్కి పిలిచింది. మీరు చూస్తున్న కారు ఛాసిస్ నంబర్ షోరూమ్‌లో ఇస్తే, చేయించాల్సిన రీకాల్ పని ఏదైనా ఉందో లేదో చెబుతారు.

గేర్‌బాక్స్ జెడ్ఎఫ్ వాళ్ళ 8 గేర్ల ఆటోమేటిక్. నాకెంతో ఇష్టమైన పెట్టె అది. గేర్ ఆయిల్ జీవితాంతం మార్చనక్కర్లేదని కార్ల కంపెనీ అంటుంది, కానీ దాన్ని తయారు చేసిన జెడ్ఎఫ్ మాత్రం 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. నేను జెడ్ఎఫ్ మాటే పాటిస్తాను. ఆయిల్ పాన్, ఫిల్టర్ కలిసే వస్తాయి, కాబట్టి పాన్ మొత్తం మార్చాలి. మార్చిన బిల్లు ఉంటే మంచిది, లేకపోతే ఆ ఖర్చు బేరంలో తగ్గించమని అడగండి. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక అరగంట నడిపి, తర్వాత ఏదైనా బస్తీలోకి తీసుకెళ్ళి స్పీడ్ బ్రేకర్ల మీద నడపండి. గేరు పడేటప్పుడు కుదుపు, ముందు చక్రాల కింద టకటక, ఈ రెండూ వినాలి. టకటక అంటే లోయర్ ఆర్మ్ బుష్‌లు. అది భయపడాల్సింది కాదు, ఖర్చు మాత్రం ఉంటుంది.

మీ బావగారి మాట నేను కొట్టిపారేయను. ఇంటి నుంచి మార్కెట్‌కు, మార్కెట్ నుంచి ఇంటికే తిరిగేటట్లయితే ఆయన చెప్పిందే సరి. వారానికోసారి హైదరాబాదో, ఖమ్మమో, గుంటూరు మిర్చి యార్డో తిరుగుతారనుకుంటే ఈ కారుకు సాటి లేదు. జనగామ దాటాక నాలుగు లైన్ల రోడ్డు మీద అది ఎంత నిలకడగా పోతుందో నడిపితేనే తెలుస్తుంది. కొన్న మర్నాడే ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ఆయిల్ మార్పించండి. ఇంజన్ ఆయిల్ డబ్బా మీద బీఎండబ్ల్యూ లాంగ్‌లైఫ్-04 అని ఉండాలి. మీటర్ 25 వేలకు సర్వీస్ చేయించమని చూపించినా మీరు 10 వేలకే మార్చండి. మన ఎండలకు, మన దుమ్ముకు అదే సరైన లెక్క.

ప్రశ్న: నేను డాక్టర్‌ని. 2020 బెంజ్ ఈ220డి, బీఎస్6 మోడల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇంటి నుంచి క్లినిక్ దగ్గరే. నెలకోసారి డీపీఎఫ్ లైటు వెలుగుతోంది. ఫిల్టర్ తీసేసి సాఫ్ట్‌వేర్ మార్చేస్తే పీడ పోతుందని ఇక్కడి మెకానిక్ అంటున్నాడు. తీయించమంటారా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: వద్దు డాక్టరమ్మా, ఆ పని చేయించకండి. డీపీఎఫ్ అంటే పొగలోని మసిని పట్టుకునే ఫిల్టర్. నిండినప్పుడు ఇంజన్ తనంతట తానే వేడి పెంచి మసిని కాల్చేసుకుంటుంది. దానికి కొంతసేపు ఆగకుండా ఒకే వేగంతో నడవాలి. మీరు క్లినిక్‌కు వెళ్ళే దూరంలో ఇంజన్ వేడెక్కేలోపే ఆపేస్తున్నారు. కాల్చడం మొదలై మధ్యలోనే ఆగిపోతోంది. పైగా కాల్చడానికి అదనంగా చిమ్మిన డీజిల్ కొంత ఇంజన్ ఆయిల్‌లోకి జారుతుంది. అందుకే ముందు ఆయిల్ మట్టం చూపించండి. ఉండాల్సిన గీత కంటే పైకి ఉంటే వెంటనే మార్పించాలి.

ఆదివారం పొద్దున రాజీవ్ రహదారి ఎక్కి సిద్దిపేట దాకా వెళ్ళి రండి. 80 కిలోమీటర్ల వేగం తగ్గకుండా, రోడ్డు ఖాళీగా ఉన్న సమయంలో. లైటు ఆరిపోవాలి. ఆరకపోతే, లేదా దానితోపాటు ఎర్ర లైటు వస్తే ఇంక నడపకుండా షోరూమ్‌కు పంపండి. నెలకు రెండు మూడు సార్లు ఇలా తిప్పగలిగితే ఫిల్టర్ చాలా కాలం వస్తుంది. తీసేస్తే కారు వదిలే పొగ మీ క్లినిక్ ముందే జనం పీలుస్తారు, అది చట్టానికి కూడా విరుద్ధం. రోజూ ఆస్తమా రోగులను చూసే మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

ఇంకొకటి. పొగలోని విషవాయువులను తగ్గించడానికి విడిగా పోసే ద్రవం యాడ్‌బ్లూ. అది పోసే నీలం మూత డీజిల్ మూత పక్కనే ఉంటుంది. బంకులో పోయించేటప్పుడు మీరే దిగి నిలబడి చూడండి. డీజిల్ ట్యాంకులో యాడ్‌బ్లూ పడితే కారు స్టార్ట్ చేయకూడదు, ట్యాంకు దించాల్సిందే.

ప్రశ్న: బీఎండబ్ల్యూ 5 సిరీస్ వాడుతున్నాను. రన్‌ఫ్లాట్ టైర్లు నాలుగూ అయిపోయాయి. ధర వింటే టెన్షన్ వస్తోంది. మామూలు టైర్లు వేసుకోవచ్చా?
– ఒక సింగరేణి ఉద్యోగి, గోదావరిఖని

జవాబు: వేసుకోవచ్చు, నాలుగూ ఒకేసారి, అదే సైజు, అదే లోడ్ రేటింగ్. మీ కారు 17 అంగుళాల చక్రాలదైతే సాధారణంగా 225/55 ఆర్17 ఉంటుంది. గుంతల్లో కుదుపు కూడా తగ్గుతుంది. కానీ రన్‌ఫ్లాట్ గాలి పోయినా 80 వేగం మించకుండా 80 కిలోమీటర్ల దాకా నడుస్తుంది, మామూలు టైరు నడవదు. డిక్కీలో స్టెప్నీ లేకపోతే గాలి పంపు, పంక్చర్ కిట్ తప్పకుండా పెట్టుకోండి. రాత్రిపూట మంథని వైపు పంక్చరైతే సాయం దొరకడం కష్టం. కొనేటప్పుడు టైరు పక్కన అండాకారపు గడిలో నాలుగు అంకెలు చూడండి. 2325 అంటే 2025లో 23వ వారంలో తయారైందని అర్థం. రెండేళ్ళు గోదాములో ఉన్న టైరును డిస్కౌంట్‌లో ఇస్తామన్నా తీసుకోకండి.

ప్రశ్న: 2023 జూలై వరదల్లో మా కాలనీలో కార్లు మునిగాయి. ఇప్పుడు నేను సెకండ్ హ్యాండ్ ఆడి ఏ6 కొన్నాను. మళ్ళీ అలా నీళ్ళొస్తే ఏం చేయాలి? ఇన్సూరెన్స్ వస్తుందా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: చక్రం సగం దాకా నీళ్ళొచ్చాయంటే కారు స్టార్ట్ చేయకండి. ‘ఒక్కసారి తిప్పి చూద్దాం’ అనే ప్రయత్నమే ఇంజన్‌ను చంపుతుంది. గాలి వెళ్ళాల్సిన దారిలో నీళ్ళు సిలిండర్లోకి పోతాయి, నీళ్ళు అణగవు, కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. మామూలు ఇన్సూరెన్స్‌లో వరద నష్టానికి డబ్బు వస్తుంది కానీ, మునిగిన కారును స్టార్ట్ చేయడం వల్ల పోయిన ఇంజన్‌కు చాలా కంపెనీలు ఇవ్వవు. దానికి ఇంజన్ ప్రొటెక్షన్ అనే యాడ్ ఆన్ విడిగా ఉండాలి. నీళ్ళు తగ్గాక ఫోటోలు తీసి, కంపెనీకి ఫోన్ చేసి, నాలుగు చక్రాలూ పైకి ఎక్కే ఫ్లాట్‌బెడ్ టోయింగ్ బండి మీదే తరలించండి. ఇలాంటి కార్లలో కంట్రోల్ యూనిట్లు కొన్ని సీట్ల కింద, కార్పెట్ కింద, డిక్కీ అడుగున ఉంటాయి. తడిసిన కార్పెట్ పైపైన ఆరినట్టు కనిపించినా కింద నెలల తరబడి తుప్పు పడుతుంది, అందుకే సీట్లు విప్పించి ఆరబెట్టమని అడగండి.

మీరు కొన్న కారు ఆ వరదల్లో మునిగినదేనా అన్నది కూడా ఈ వారమే చూసుకోండి. సీటు బెల్టును చివరిదాకా లాగి, అడుగు భాగంలో మట్టి చారలున్నాయేమో చూడండి. స్టెప్నీ గుంతలో, సీటు పట్టాల స్క్రూల మీద బురద, తుప్పు ఉన్నాయేమో చూడండి. ఇక మీ పాలసీ కాగితం తీసి ఇంజన్ ప్రొటెక్షన్ అన్న మాట వెతకండి. లేకపోతే పాలసీ మధ్యలో చేర్చుకోవడం సాధారణంగా కుదరదు. రెన్యువల్ తేదీ వానాకాలం తర్వాత ఉంటే, ఈ ఏడాదికి ఆ కారును ఎత్తు మీదున్న చుట్టాల ఇంట్లోనో, పెయిడ్ పార్కింగ్‌లోనో పెట్టే ఏర్పాటు ముందే మాట్లాడుకోండి.