కేరళలో టూరిజానికి దారి వేసిన జి.వి. రాజా లాంటి మనిషి మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు ఉండుంటే టూరిజం పెరిగేదా?

పెరిగేది. నాకు ఇందులో అనుమానమే లేదు. నెల్లూరులో 14 ఏళ్లుగా సొంత కారు తిప్పుతున్నాను, మన జిల్లాలు చూద్దామని వచ్చినవాళ్లు రెండోసారి ఎందుకు రారో నాకు డ్రైవర్ సీట్లోంచి కనిపిస్తూనే ఉంటుంది.

అసలు జి.వి. రాజా పేరు నేను విన్నదే ఒక ట్రిప్పులో. మూడేళ్ల కిందట కార్తీకంలో మలయాళీ దంపతులను భైరవకోన తీసుకెళ్లాను. వాళ్లమ్మాయి నెల్లూరులో నర్సు. ఒకే కొండను తొలిచి ఎనిమిది శివాలయాలు చేశారని, పక్కనే జలపాతం ఉందని ఆ అమ్మాయి చెబితే పెద్దాయన సరదాపడ్డారు. తెల్లారి ఆరింటికి బయల్దేరి ఆత్మకూరులో టిఫిన్‌కి ఆపితే ఆయన భార్య రెండు ఇడ్లీలు తిన్నారు గానీ నీళ్లు ముట్టుకోలేదు, కాఫీ కూడా వద్దన్నారు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. ఉదయగిరి దాటాక పెద్దాయన ముందుకు వంగి అరవంలో మెల్లగా అడిగారు, దారిలో బాత్రూం ఎక్కడన్నా ఉందా అని. ఆవిడ పొద్దుట్నుంచి నీళ్లు తాగనిది ఆ టెన్షన్‌తోనే అని అప్పుడు అర్థమైంది.

ఒక పెట్రోల్ బంకులో ఆపితే బాత్రూంకి తాళం వేసుంది, తాళంచెవి ఉన్న కుర్రాడు ఊళ్లోకి పోయాడట. ఇంకొంచెం దూరం పోయాక వేరే దారి లేక, అరుగు మీద బియ్యం చెరుగుతున్న ఒక పెద్దమ్మను అడిగాను. "దానికేం నాయనా, రామ్మా" అని చేట పక్కన పెట్టి, ఆవిడ చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్లింది. వెళ్లొచ్చాక చెంబుతో మజ్జిగ ఇచ్చింది. ఆవిడ ఆ చెంబెడు మజ్జిగ ఆగకుండా తాగేశారు. నాకు తల కొట్టేసినట్టయింది. మన ఊళ్లు చూడ్డానికి వచ్చిన మనిషి నాలుగు గంటలు గొంతెండబెట్టుకుని కూర్చుంది.

గుళ్లు చూసి జలపాతం దగ్గర కూర్చున్నప్పుడు పెద్దాయన అన్నారు, ఇలాంటి చోటు దొరికితే మా జి.వి. రాజా ఊరుకునేవాడు కాదు అని. ఆయనెవరు సార్ అంటే గంటసేపు చెప్పారు. 1908లో పూంజార్ రాజకుటుంబంలో పుట్టి, తిరువాంకూరు మహారాజు చెల్లెల్ని పెళ్లాడిన మనిషి. విమానాలంటే ప్రాణం. తిరువనంతపురంలో ఫ్లయింగ్ క్లబ్బు, విమానాశ్రయం రావడం వెనక ఆయన చొరవే ఉంది, 1935కల్లా అక్కడ టాటా వాళ్ల విమానం దిగింది. బెస్తవాళ్ల ఊరైన కోవళానికి బయటి దేశాలవాళ్లు వచ్చి ఉండాలని పట్టుబట్టింది కూడా ఆయనే. ఆటల కోసం చేసిన పని ఇంకో ఎత్తు, అక్టోబర్ 13న ఆయన పుట్టినరోజునే కేరళలో క్రీడా దినంగా జరుపుతారు. చివరికి 1971లో కులూ లోయలో విమాన ప్రమాదంలోనే పోయాడు.

ఇంటికొచ్చాక ఆ సంవత్సరాలు పక్కపక్కన పెట్టి చూశాను. కేరళ టూరిజాన్ని పరిశ్రమగా ప్రకటించింది 1986లో. అందరి నోటా ఉండే 'గాడ్స్ ఓన్ కంట్రీ' వచ్చింది 1989లో, అంటే ఆయన పోయిన 18 ఏళ్లకి. ముందు మనిషి దిగడానికి చోటు, పడుకోవడానికి మంచం చూశారు, నినాదం ఆ తర్వాత. మన దగ్గర ముందు ఫ్లెక్సీ లేస్తుంది. మన నెల్లూరుకి వస్తుందన్న దగదర్తి విమానాశ్రయం మాట ఎన్నేళ్లుగా వింటున్నామో మీకే తెలుసు.

ఇక్కడే ఇంకో బాధ కూడా చెప్పుకుంటాను. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండగ 2001లో మొదలైంది, అప్పుడది మా నెల్లూరు జిల్లాలోదే. పక్షుల పండగకి అంత పెద్ద స్టేజీ, అన్ని మైకులు ఎందుకో నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆ పక్కనే నేలపట్టు చెరువులో, నీళ్లలో పెరిగే కడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) పిల్లలకి మేత పెడుతుంటే, ఆ పిల్లలు తల్లి నోట్లోకి తలంతా దూర్చి తింటాయి. అది చూడాలంటే ఒక బైనాక్యులర్, పక్కన వివరం చెప్పే ఊరి కుర్రాడు ఉంటే చాలు. ఆ పక్షులొస్తే వానలు బాగా పడతాయని, రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పైరుకి బలమని నమ్మి వాటిని కాపాడుకుంటూ వచ్చింది ఆ చుట్టుపక్కల రైతులే. వాళ్లలో ఒకరి చేత రెండు ముక్కలు చెప్పించండి, స్టేజీ మీద డాన్సుల కంటే అది ఎక్కువమందిని లాక్కొస్తుంది.

మన జిల్లాకి జనం రారు అనేవాళ్లు రొట్టెల పండగప్పుడు స్వర్ణాల చెరువు గట్టున నిలబడి చూడాలి. 2015లో రాష్ట్ర పండగ చేయకముందు కూడా బారాషహీద్ దర్గాకి లక్షల్లో వచ్చేవాళ్లు. వచ్చినవాళ్లని చూసుకోవడం నెల్లూరోళ్లకి బాగా తెలుసు. ఏడాది పొడవునా దాన్ని ఒక పద్ధతిలో పెట్టే మనిషే లేడు.

ఉదయగిరి దాటాక ఆ దారిలో ఆడవాళ్లకి ఒక బాత్రూం కట్టించమని ఇప్పటికి మూడు అర్జీలు ఇచ్చాను, జవాబు రాలేదు. భైరవకోన ట్రిప్పు ఉందంటే ముందురోజే ఆ పెద్దమ్మకి ఫోన్ చేస్తాను. డబ్బులిస్తే తీసుకోదు, అందుకని నెల్లూరు నుంచి మలైకాజా పట్టుకెళ్తాను.