టెక్నీషియం లాంటి ల్యాబ్‌లో పుట్టిన మూలకాలతో మామూలు జనానికి ఏం పని?

కవిటి నుంచి మా చిన్నాన్నని విశాఖ తీసుకెళ్తే నాకు తెలిసింది ఏం పనో. మాది ఉద్దానం, కిడ్నీ పేషెంట్ లేని వీధి వెతుక్కోవాలి ఇక్కడ. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) పెరిగిందని డాక్టరు డీటీపీఏ స్కాన్ రాశారు, ఏ కిడ్నీ ఎంత పనిచేస్తోందో విడివిడిగా తెలుస్తుందట. ఎక్కించేది టెక్నీషియం ఉన్న రేడియోధార్మిక మందు అనగానే చిన్నాన్న లేచి నిలబడిపోయాడు. "కొవ్వాడలో అణు కరెంటొద్దని జనం గోలెడతంటే నువ్వు నా ఒంట్లోకే ఎక్కించేత్తావేట్రా?"

సరే, అక్కడే క్లాసు పీకాను. మూలకాల పట్టికలో 43వ గడి ఖాళీగా ఉండేది, అమెరికాలోని బర్క్‌లీలో లారెన్స్ సైక్లోట్రాన్‌లో (కణాల్ని వేగంగా తిప్పే యంత్రం) వాడేసిన మాలిబ్డినం రేకు ఇటలీ పంపితే 1937లో పలెర్మోలో సెగ్రే, పెరియర్ అనే శాస్త్రవేత్తలు దాంట్లో ఈ మూలకాన్ని పట్టుకున్నారు, మనిషి తయారుచేసిన మొదటి మూలకం ఇదే, స్కాన్‌లో వాడే టెక్నీషియం-99ఎం రకం మరుసటేడు సెగ్రే, సీబోర్గ్ కనిపెట్టారు అని. ఒక్క ముక్క ఎక్కలేదు. ఆరు గంటలకి సగం పోద్ది, రేపు ఈపాటికి పదహారో వంతే మిగుల్తుంది, అది కూడా మూత్రంలో పోయింది పోగా అన్నాక "అలాగైతే పర్లేదు" అని కూర్చున్నాడు.

సిరంజికి బరువైన లోహపు తొడుగు వేసి తెచ్చారు. వీపు కింద కెమెరా. సూది పడిన కాసేపటికే స్క్రీన్ మీద రెండు చిక్కుడు గింజల్లా వెలిగాయి, ఎడమది నిండుగా, కుడిది మసగ్గా. చిన్నాన్న మెడ తిప్పి చూడబోతే కదలొద్దని టెక్నీషియన్ కసిరాడు.

నన్నడిగితే భయపడాల్సింది దీనికి కాదు, కొబ్బరి తోటలో పనిచేసొచ్చి ఒళ్లు నొప్పులని షాపులో అడిగి మింగే బిళ్లలకి. కిడ్నీలని పాడుచేసే ఆ నొప్పి బిళ్లలకి ఎవడూ ధర్నా చెయ్యడు!

ఇంకోటి, ఇది దాచుకునే సరుకు కాదు. మాలిబ్డినం-99 ఉన్న జనరేటర్ (కరెంటుది కాదు, మాలిబ్డినం మారి టెక్నీషియం అయ్యే డబ్బా) తెప్పించుకుని ఏ రోజుది ఆ రోజు తీసుకుంటారు, ఆ మాలిబ్డినం కూడా 66 గంటలకి సగమైపోద్ది. కొత్తది రాకపోతే స్కాన్లు బంద్. అంతకుముందు మమ్మల్ని అలాగే తిప్పి పంపేశారు. సోంపేటలో తెల్లారగట్ల రైలెక్కి వచ్చే ముసలాళ్లకి ముందురోజు ఒక్క ఫోన్ కొట్టడానికి ఏం రోగం? మీరెవరైనా వెళ్తే మందు వచ్చిందో లేదో కనుక్కునే బయల్దేరండి.