నోటిమాటతో చేసిన అదనపు పనికి బిల్లు వస్తుందా?

ప్రశ్న: రాష్ట్ర ప్రభుత్వ రోడ్డు పనిని మా సంస్థ అగ్రిమెంటు ప్రకారం చేస్తోంది. ఇంజినీరు నోటిమాటపై అగ్రిమెంటులో లేని కల్వర్టు కూడా కట్టాం. ప్రభుత్వం మారాక ఆ బిల్లు ఆపేశారు. నోటీసు ఇస్తే శాఖతో సంబంధాలు చెడతాయని కొందరంటున్నారు. ఏం చేయాలి?

సమాధానం: అగ్రిమెంటు రాష్ట్రంతో కుదిరింది కనుక ప్రభుత్వం మారినంత మాత్రాన బాధ్యత తొలగదు. మీ అసలు ఇబ్బంది నోటిమాటతోనే. రాష్ట్రం చేసుకునే ఒప్పందం గవర్నరు పేరిట ఉండి, అధికారమున్న వ్యక్తి ఆయన తరఫున సంతకం చేయాలని రాజ్యాంగంలోని 299వ అధికరణం చెబుతోంది. ఇంజినీరు ఎంత నమ్మకంగా చెప్పినా ఆ మాట ఒప్పందం కాదు. అయితే ముందుగా మీ అగ్రిమెంటులో అదనపు పనుల క్లాజు ఉందేమో, అందులో నోటీసు గడువు ఎంతో చూడండి.

అలాంటి క్లాజు వర్తించకపోయినా దారి మూసుకుపోలేదు. ఉచితంగా ఇచ్చే ఉద్దేశం లేకుండా చట్టబద్ధంగా చేసిన పని ప్రయోజనాన్ని అవతలి పక్షం అనుభవిస్తే పరిహారం చెల్లించాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 70వ సెక్షను చెబుతోంది. పశ్చిమ బెంగాల్ రాష్ట్రం, బి.కె. మండల్ అండ్ సన్స్ కేసులో (తీర్పుల సంపుటి ఆలిండియా రిపోర్టర్, అంటే ఏఐఆర్ 1962 సుప్రీంకోర్టు 779) అధికారులు చెప్పగా పౌర సరఫరాల శాఖ కోసం ఒక కాంట్రాక్టరు మట్టిరోడ్డు, కాపలాదారు గది వంటివి కట్టాడు. చట్టప్రకారం ఒప్పందం లేకపోయినా, శాఖ వాటిని వాడుకుంది కాబట్టి పరిహారం ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు తేల్చింది. మీకు దక్కేది మీరు కోరిన రేటు కాకపోవచ్చు. పనికి తగిన విలువ.

అందుకే ఎం.బుక్ (చేసిన పని కొలతలు నమోదు చేసే శాఖ పుస్తకం) ముఖ్యం. కల్వర్టు కొలతలు అందులో ఎక్కి, కింద ఇంజినీరు సంతకం ఉంటే సగం కేసు గెలిచినట్లే. ఎక్కకపోతే తేదీలతో ఉన్న ఫొటోలు, సిమెంటు, ఇనుము బిల్లులు, లెవెల్ షీట్లు (నేల ఎత్తుపల్లాల కొలతల పత్రాలు) భద్రపరచండి. ఆ కల్వర్టు మీదుగా వాహనాలు తిరుగుతున్నాయన్న వాస్తవం కూడా సాక్ష్యమే.

సంబంధాల మాటకొస్తే, మర్యాదగా రాసిన నోటీసుతో అవి చెడవని నా అభిప్రాయం. గడువు దాటితే మాత్రం హక్కే పోతుంది. చెల్లింపు తేదీ నిర్ణయించని పనికి, అది పూర్తయిన నాటి నుంచి సాధారణంగా మూడేళ్లే గడువు. ‘వచ్చే బడ్జెట్‌లో చూద్దాం’ అన్న మాట ఆ గడువును పెంచదు. గడువులోగా బాకీని ఒప్పుకుంటూ సంతకంతో రాసిచ్చిన లేఖే పెంచుతుంది. అగ్రిమెంటులో ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి ద్వారా వివాద పరిష్కారం) క్లాజు ఉంటే దాని ప్రకారం నోటీసు ఇవ్వండి. లేకుంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షను కింద రెండు నెలల నోటీసు ఇచ్చి దావా వేయండి. ఈలోగా కొలతలు, విలువ తెలుపుతూ కార్యనిర్వాహక ఇంజినీరుకు లేఖ ఇచ్చి, కార్యాలయ ముద్రతో రసీదు తీసుకోండి.