చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేస్తే ఐడ్లింగ్ 1800కి లేచి దిగట్లేదు, థ్రాటిల్ బాడీ మార్చాలా?

ఇప్పుడే మార్చకండి. రాత్రంతా ఆగి ఉన్న పెట్రోల్ కారు పొద్దున ఐడ్లింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరిగే వేగం) 1800 ఆర్పీఎమ్‌కి లేస్తోంది, పది నిమిషాలు నడిపినా దిగట్లేదు, మెకానిక్ థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగం) అంటున్నాడు అన్నారు. నాకూ అచ్చం ఇదే జరిగింది.

చల్లటి ఇంజిన్ 1200–1500 దాకా లేవడం రోగం కాదు. పొగలోని విషవాయువులను తగ్గించే కాటలిటిక్ కన్వర్టర్ త్వరగా వేడెక్కాలని ఇంజిన్ కంప్యూటరే అలా తిప్పుతుంది. ఇంజిన్ వేడెక్కేసరికి మాత్రం 700–850 దగ్గరికి వచ్చేయాలి.

నేను ముందు థ్రాటిల్ బాడీ క్లీన్ చేయించాను, తర్వాత ఐడిల్ వాల్వ్ (ఐడ్లింగ్‌లో గాలిని సరిచేసేది) కొత్తది వేయించాను. తేడా లేదు. సైలెన్సర్ గొట్టంలో వేలు పెడితే నల్లటి మసి అంటేది, మైలేజీ పడిపోయింది. టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ అడుగునే ఉండేది. ఇంజిన్ చల్లగా ఉంది, మంచిదే కదా అనుకున్నాను. గుట్టంతా అక్కడే ఉంది.

చివరికి ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని అంకెలు చదివే పరికరం) తగిలించాను. రాత్రంతా ఆగిన కారులో, స్టార్ట్ చేయకుండా కీ ఆన్ చేసి చూస్తే, లోపలికి వెళ్లే గాలి ఉష్ణోగ్రతా, కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రతా దాదాపు ఒకటే ఉండాలి. నా కారులో గాలి 26 డిగ్రీలు, కూలెంట్ 3! అరగంట తిప్పి వచ్చాక కూడా 14 దాటలేదు, రేడియేటర్ పై గొట్టం చూస్తే చేయి పెట్టలేనంత కాలిపోతోంది. ఇంజిన్ ఇంకా చలికి బిగుసుకుపోయి ఉందనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తూ, ఐడ్లింగ్ పైనే పట్టి ఉంచింది.

కూలెంట్ సెన్సర్ కనెక్టర్ ఊడదీస్తే ఒక పిన్ను చుట్టూ పచ్చటి చిలుము. ఈ సెన్సర్ రెసిస్టెన్స్ చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ, వేడెక్కేకొద్దీ తగ్గుతుంది. చిలుము కూడా తన రెసిస్టెన్స్ కలిపేసరికి కంప్యూటర్‌కి అంతా చలిగానే కనిపించింది. బ్యాటరీ వైరు తీసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, చిన్న బ్రష్‌తో రుద్ది బిగించాను. మర్నాడు ఇంజిన్ వేడెక్కగానే 800కి దిగి అక్కడే నిలబడింది. సెన్సర్ కూడా మార్చాల్సిన పని పడలేదు.

మీకు గాలి, కూలెంట్ ఉష్ణోగ్రతలు ఆ రెండు అంకెలూ కలిస్తే అప్పుడు గాలి లీకు వెతకండి. ఐడ్లింగ్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోల్ ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చూపే అంకె) +15 దాటి ఉండి, 2500 ఆర్పీఎమ్ దగ్గర సున్నా వైపు వస్తే దాదాపు అదే. పీ0171 (పెట్రోల్‌కి తగ్గ గాలి కన్నా గాలి ఎక్కువ), పీ0507 (ఐడ్లింగ్ మరీ ఎక్కువ) కోడ్లు కూడా కనిపించవచ్చు. బ్రేక్ బూస్టర్ గొట్టం, పీసీవీ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిర్లను మళ్లీ గాలి దారిలోకి పంపేది) వంపుల దగ్గర రబ్బరు చీలిందేమో వేలితో వంచి చూడండి. కూలెంట్ తగ్గినా సెన్సర్ తప్పు చూపిస్తుంది. రేడియేటర్ మూత మాత్రం ఇంజిన్ పూర్తిగా చల్లారాకే తీయండి.

అంకెలు కలవకపోతే ఆలస్యం చేయకండి. చాలా కార్లలో రేడియేటర్ ఫ్యాన్ తిరిగేదీ ఈ సెన్సర్ చెప్పే లెక్కతోనే. ఇంజిన్ ఉడికిపోతున్నా ఫ్యాన్ ఆన్ అవదు, ముల్లూ లేవదు. రేపు పొద్దున స్టార్ట్ చేసే ముందే ఆ రెండు అంకెలూ చూసి ఇక్కడ రాయండి.