దేవుణ్ని నమ్మని ఇంట్లో పసిపిల్ల బెంగ

ప్రశ్న: మాది నెల్లూరు. నేనూ మావారూ దేవుణ్ని నమ్మము. మూడు నెలల క్రితం మా మామగారు కన్నుమూశారు. పెన్న ఒడ్డున పిండం పెట్టిన రోజున కాకి ముట్టగానే మా అత్తగారు ‘తాత వచ్చి తిన్నాడు’ అని కళ్లు తుడుచుకున్నారు. అప్పటినుంచి మా ఆరేళ్ల పాప రోజూ తన కంచంలోంచి ఒక ముద్ద తీసి పిట్టగోడ మీద పెడుతోంది. ఆదివారాలు తాతతో మైపాడు బీచికి వెళ్లడం తనకు అలవాటు. ఇప్పుడు ఆ ఊసే ఎత్తడం లేదు. రాత్రిళ్లు ‘అమ్మా, నువ్వు కూడా చచ్చిపోతావా?’ అని అడిగి, నా కొంగు పట్టుకుని పడుకుంటోంది. నేను నమ్మని మాట చెప్పలేను, బిడ్డను ఊరడించకుండా ఉండలేను. బంధువులేమో దేవుడు లేకుండా పెంచి పిల్లకు అన్యాయం చేస్తున్నామంటున్నారు.

జవాబు: ముందుగా, ఆ ముద్దను ఆపకండి. కాకి తాతే అని మీరు చెప్పనక్కర లేదు, కాదని వాదించనూ వద్దు. ‘తాతను తలుచుకుని మనం కాకికి అన్నం పెడదాం’ అంటే అందులో అబద్ధం లేదు, పాప చేస్తున్న పనికి విలువా తగ్గదు. వీలైతే మీరూ పక్కన నిలబడి ఒక ముద్ద పెట్టండి. పోయినవాళ్ల కోసం రోజూ ఒకే వేళకు చేసే చిన్న పని పసిమనసుకు ఎంత ఊతమిస్తుందో మాటల్లో చెప్పడం కష్టం, దానికి మతం ఉండి తీరాలని లేదు.

ఐదేళ్లలోపు పిల్లలు చాలామందికి చావు ఊరెళ్లి తిరిగి రావడం లాంటిదే. ఐదు నుంచి ఏడేళ్ల మధ్య, పోయినవారు రారని, అది అందరికీ వస్తుందని మెల్లగా తెలుస్తుంది. మీ పాప ఆ గడపలో ఉంది. ‘నువ్వు కూడానా?’ అన్న ప్రశ్న వెనక ‘నాకు జడ ఎవరు వేస్తారు, అన్నం ఎవరు పెడతారు’ అన్న భయమే ఎక్కువ. అందుకే ‘ఎప్పుడో ఒకప్పుడు అందరం పోతాం తల్లీ, కానీ నువ్వు బాగా పెద్దదానివయ్యేదాకా నేను ఉంటాననే అనుకుంటున్నాను, నాన్న ఉన్నాడు, జేజి (నానమ్మ) ఉంది’ అని మనుషుల పేర్లు చెప్పి మరీ ధైర్యం చెప్పండి. ‘తాత నిద్రపోయాడు’ అని మాత్రం అనకండి. ఆ మాట విన్న పిల్లలు పడుకోవడానికే భయపడతారు. తన అల్లరి వల్లే తాత పోయాడని పాప లోలోపల అనుకుంటోందేమో ఒకసారి అడిగి చూడండి, ఈ వయసులో అది మామూలే.

ఇక అత్తగారు. ఆమె భర్తను పోగొట్టుకున్న మనిషి, ఆ కాకి ఆమెకు ఓదార్పు. పాప ముందు ఆమె మాటను కొట్టేయకండి. ‘జేజి అలా నమ్ముతుంది, మేం వేరేగా అనుకుంటాం, నువ్వు పెద్దయ్యాక ఆలోచించుకో’ అంటే ఆరేళ్ల పిల్లకు అర్థమవుతుంది. బంధువుల మాటకు వెరవకండి. నాస్తికోద్యమ నాయకుడు గోరా గారు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన నాటినుంచీ తెలుగునాట దేవుడి ప్రస్తావన లేకుండా పిల్లల్ని ప్రేమగా పెంచిన ఇళ్లు ఉన్నాయి.

పాప వారాల తరబడి తిండీ నిద్రా మానేస్తే, బడికి వెళ్లనని మొరాయిస్తే పిల్లల డాక్టరుకు చూపించండి.

వచ్చే ఆదివారం పాపను మీరే మైపాడు తీసుకెళ్లండి. అత్తగారినీ రమ్మనండి. అలల దగ్గర నిలబడి తాత ఏమేం చెప్పేవాడో పాపనే చెప్పమనండి, మీ ఇద్దరూ వినండి.