ఏడెనిమిదులు ఎంత?

ప్రశ్న: మా అమ్మాయి మూడో తరగతి చదువుతోంది. ఏడో ఎక్కం తడుముకోకుండా అప్పజెబుతుంది కానీ, ‘ఏడెనిమిదులు ఎంత?’ అని విడిగా అడిగితే మళ్ళీ ‘ఏడు ఒకట్ల ఏడు’ దగ్గర మొదలుపెడుతుంది. రోజూ పదిసార్లు రాయిస్తున్నా మార్పు లేదు. తమ రోజుల్లో ఇరవయ్యో ఎక్కం దాకా వల్లె వేయించేవారని, నేనే గారాబం చేస్తున్నానని మా మామగారు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మీ అమ్మాయి ఎక్కాన్ని పాటలా నేర్చుకుంది, పాటను నడిమధ్యలో అందుకోవడం పెద్దవాళ్ళకూ కష్టమే. వల్లె వేయడం దండగ అని నేను అనను. అయితే ఏడెనిమిదులు అంటే ఏమిటో కంటికి కనబడిన తరువాత వల్లె వేస్తేనే అది నిలుస్తుంది. పదిసార్లు రాయించడం మాత్రం ఈరోజే మానేయండి. ఆమె రాసేటప్పుడు ఒకసారి గమనించండి: చాలామంది పిల్లలు ముందు ఏడు అంకెను పై నుంచి కిందికి పదిసార్లు, తరువాత గుణకారం గుర్తులు, ఆ పక్కన ఒకటి నుంచి పది వరకు వరుసగా దింపేస్తారు. అందులో చేతికి పనే తప్ప గుణకారం లేదు.

ముప్పై కోడిగుడ్లు పట్టే అట్ట ఇంట్లో ఉంటే అక్కడ మొదలుపెట్టండి. ఒకవైపు నుంచి చూస్తే ఆరు వరుసలు, వరుసకు ఐదు గుంటలు. అట్టను పక్కకు తిప్పితే ఐదు వరుసలు, వరుసకు ఆరు. గుంటలు పెరగలేదు, తరగలేదు కాబట్టి ఆరైదులు తెలిస్తే ఐదార్లు కొత్తగా నేర్చుకోనక్కరలేదని పాప తానే పట్టుకుంటుంది.

తరువాత చింతగింజలను వరుసకు ఎనిమిది చొప్పున ఏడు వరుసలు పేర్పించి, ఐదో వరుస కింద ఒక పుల్ల అడ్డం పెట్టండి. పైన ఐదెనిమిదులు నలభై, కింద రెండెనిమిదులు పదహారు, మొత్తం 56. తొమ్మిదో ఎక్కానికి ఇంకా సులువైన దారి ఉంది: పదేళ్ళు డెబ్బై, అందులోంచి ఒక ఏడు తీసేస్తే తొమ్మిదేళ్ళు 63.

పదో ఎక్కం వరకు ఉన్న నూరు లెక్కల్లో తిరగేసినవి పోగా మిగిలేవి 55. ఒకటి, రెండు, ఐదు, పది ఎక్కాలు పిల్లలకు తొందరగానే వస్తాయి కనుక వాటిని తీసేస్తే 21. తొమ్మిదికి పై ఉపాయం ఉంది, నాలుగో ఎక్కం రెండో ఎక్కానికి రెట్టింపే కాబట్టి అవీ పోతే 10. అంటే మూడు, ఆరు, ఏడు, ఎనిమిది అంకెల మధ్య వచ్చే ఈ పది లెక్కలే గట్టిగా పట్టుబడాలి. వాటిని రోజుకు ఐదు నిమిషాలు, వరుస తప్పించి అడగండి. ‘56 గింజలను ఎనిమిదేసి చొప్పున పేరిస్తే ఎన్ని వరుసలు?’ అని తిరగేసి కూడా అడిగితే భాగహారానికి దారి పడుతుంది. ఎక్కడైనా ఆగిపోతే జవాబు అందించకుండా, ‘ఐదెనిమిదులు ఎంత?’ అని మాత్రం గుర్తుచేసి, మిగతాది ఆమెనే కూడుకోనివ్వండి.