కారైకుడి గచ్చు, కోనసీమ చెమ్మ

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో తమిళనాడు వెళ్ళి కారైకుడి చుట్టుపక్కల చెట్టియార్ల పాత మేడలు చూశాం. అక్కడి ఆత్తంగుడి ఊళ్ళో చేసే నేల పలకల మీద నడుస్తుంటే చల్లగా, అద్దంలా ఉంది. ఇక్కడ కొత్త ఇల్లు కడుతున్నాం. హాలంతా అవే వేయించాలని నా ఆశ. మేస్త్రీ ‘మన నేలకి ఆగవమ్మా’ అంటున్నాడు. మా ఆయన మేస్త్రీ పక్షం. ఏం చేయమంటారు?
- ఒక గృహిణి, ముమ్మిడివరం

జవాబు: మీ మేస్త్రీ అన్నదాంట్లో సగం నిజమేనమ్మా. మిగతా సగం, తెలియని పని నెత్తికెత్తుకోవడం ఇష్టం లేక అన్నమాట.

ఆ పలకలు చేసే చోట నేనూ గంటసేపు నిలబడిపోయాను, బస్సులోంచి మావాళ్ళు కేకలేస్తున్నా. గాజు పలక మీద ఇనుప చట్రం, అందులో పువ్వుల గడుల అచ్చు. ఒక్కో గడిలో ఒక్కో రంగు సిమెంటు గరిటెతో పోశాడాయన, అట్ల పిండి పోసినంత సులువుగా. అచ్చు పైకి లాగేస్తే ఒక రంగు ఇంకోదాంట్లోకి పోలేదు. దాని మీద ఇసుక, సిమెంటు పొడిగా చల్లి, పైన తడి సిమెంటు మెత్తి, చదును చేసి పక్కన పెట్టాడు. తర్వాత నీళ్ళ తొట్టెలో నానబెట్టి, ఆరాక గాజు ఊడదీస్తారు. మీ కాళ్ళకి తగిలిన నునుపు ఆ గాజుదే. పాలిష్ మిషనూ లేదు, బట్టీలో కాల్చడమూ లేదు.

చిక్కు కూడా అక్కడే ఉంది. కాల్చని సిమెంటు చెమ్మ పీలుస్తుంది. కారైకుడి మెట్ట ప్రాంతం. మనకేమో వానాకాలంలో గొయ్యి తవ్వితే చాలు నీళ్ళూరతాయి. ఆ చెమ్మతో పాటు ఉప్పు పైకెక్కి పలక మీద తెల్లగా పూస్తుంది. ముదురెరుపు, నలుపు రంగుల మీద మరీ ఎబ్బెట్టుగా కనిపిస్తుంది.

అందుకని హాలంతా వద్దు. గుమ్మం దాటగానే తివాచీ పరిచినట్టు వేయించండి. పది అంగుళాల పలకలు పొడవుకి ఏడు, వెడల్పుకి ఐదు, మొత్తం 35. దారిలో విరిగేవాటికి ఇంకో ఐదారు కలుపుకోండి. చుట్టూ మామూలు నాపరాయో, ఎర్రగచ్చో చాలు. నేల కాంక్రీటు పోసేముందు కింద మందపాటి నల్ల పాలిథీన్ షీటు పరిపించండి, అతుకుల దగ్గర ఒకదాని మీదికి ఇంకోటి వచ్చేలా. చెమ్మ పైకెక్కకుండా ఆపేది అదే. మేడ మీద గది ఉంటే మాత్రం నిశ్చింతగా గదంతా వేసుకోవచ్చు.

ఇంకొక్క మాట. పని అయ్యాక మనవాళ్ళకి నేలంతా యాసిడ్‌తో కడగడం అలవాటు. ఆ రోజు మీరు అక్కడే ఉండి ఆపండి. యాసిడ్ సిమెంటుని తినేస్తుంది, నునుపు ఒక్క పూటలో పోతుంది. బకెట్టు నీళ్ళలో నాలుగు చుక్కలు కొబ్బరినూనె వేసి తుడవండి. కోనసీమలో దానికి కరువా!

ప్రశ్న: పుదుచ్చేరిలో మేం దిగిన గెస్ట్‌హౌస్‌లో కిటికీలకి తెల్లటి లేసు తెరలు చూశాను. ఎంత బాగున్నాయో! ఫొటో పంపుతున్నాను. అలాంటివి ఆన్‌లైన్‌లో ఎక్కడ దొరుకుతాయి?
- మీ పాఠకురాలు, నరసాపురం

జవాబు: ఫొటో కంటే ముందు కవరు మీద మీ ఊరి పేరు చూసి నవ్వేశాను. ఏమనుకోకండి. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పినప్పటి నుంచీ లేసు అల్లుతున్న ఊరు మీది. నరసాపురం లేసుకి 2024లో, ఇది ఆ ఊరి సరుకేనని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. మా పిన్ని అల్లేది. భోజనాలయ్యాక వసారాలో గోడకి జారబడి, కళ్ళు వీధిలో, వేళ్ళు సూది మీద. కానీ వాళ్ళింట్లో కిటికీకి పాత చీర ముక్కే ఉండేది. అల్లినవన్నీ ఏజెంటు పట్టుకుపోయేవాడు.

కాబట్టి మీ వీధిలోనే అడగండి. కిటికీ మొత్తానికి కాదు, కింది సగానికి చాలు. పైనుంచి గాలీ వెలుతురూ వస్తాయి, వీధిలోవాళ్ళకి మీ మంచం కనపడదు. కొలత ఇచ్చేటప్పుడు రెండు అంగుళాలు ఎక్కువ చెప్పండి, నూలు ఉతుకుకి ముడుచుకుంటుంది. ఆన్‌లైన్ ధర పట్టుకుని బేరాలాడకండి. ఎన్ని రోజులు పడుతుందో అడిగి, ఆ రోజులకి కూలి కట్టి ఇవ్వండి. గంజి ఎండాకాలంలోనే పెట్టండి. ఒకసారి శ్రావణంలో ఘనంగా గంజి పెట్టాను, వరలక్ష్మీవ్రతానికి తీసేసరికి బొద్దింకలు అంచులన్నీ కొరికి కొత్త డిజైను చేసి పెట్టాయి.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు ఏ ఊరెళ్ళినా ఏదో ఒకటి తెస్తారు. కచ్ అద్దాల తోరణం, జైపూర్ నీలి గిన్నెలు, ఫ్రిజ్‌కి అంటించే బొమ్మలు లెక్కలేనన్ని. షోకేసు నిండిపోయింది. పారేస్తే పిల్ల చిన్నబుచ్చుకుంటుంది.
- ఒక తల్లి, రావులపాలెం

జవాబు: అన్నీ పెట్టెలో సర్దేయండి. బల్ల మీద ఒక్కటే పెట్టండి, నెలకోసారి మార్చండి. పిల్ల వస్తోందంటే తను ఆఖరున తెచ్చింది బయటికి తీయండి, అంతే. తోరణం వీధి గుమ్మానికి కాక లోపలి గుమ్మానికి కట్టండి, జల్లు పడితే రంగు దిగుతుంది. జైపూర్ గిన్నెలు మన మట్టివాటిలా కాదు, పలుగురాయి పొడితో చేస్తారు. పులుసులూ పచ్చళ్ళూ పోయకండి, తాళాలకీ చిల్లరకీ వాడుకోండి. ఫ్రిజ్ బొమ్మల గురించి నన్నడక్కండి, మా ఫ్రిజ్ తలుపూ కనపడదు.

పేము, వెదురు సామాను మాత్రం తేవద్దని ముందే చెప్పండి. అస్సాం నుంచి నేనొక పేము దీపం తెచ్చాను, రైల్లో రెండు రాత్రులు ఒళ్ళో పెట్టుకుని. మొదటి వానాకాలానికి బూజు పట్టింది. రెండో ఏడు దాని కింద రోజూ పొద్దున్నే చారెడు పిండి. పుచ్చుపురుగు. మా ఆయన ‘నీ దీపం పిండి విసురుతోంది, అట్లు పోస్తావా’ అనేవారు. ఎండలో పెట్టాను, కిరసనాయిలు పూశాను, లాభం లేకపోయింది. ఇప్పుడది అటక మీద గోనెసంచిలో ఉంది. పారేయమంటే నాకూ చేతులు రావడం లేదు.